ఒకే మజ్జ నుంచి ఎముక, మృదులాస్థి: ఒక దాత కణాల కేసు

తుంటి కీలు మార్పిడి ఆపరేషన్‌లో తొడ ఎముక తలను కోసి తీసేస్తారు. కొత్త కీలు కాడ దిగడానికి ఎముక లోపల దారి చేసేటప్పుడు కొంత మజ్జ కూడా బయటికి వస్తుంది. మామూలుగా అదంతా పసుపు సంచిలో పడి బయోమెడికల్ వేస్ట్‌గా వెళ్లిపోతుంది. పెద్దవాళ్ల శరీరంలోని మూలకణాల మీద, అంటే అడల్ట్ స్టెమ్ సెల్స్ మీద పనిచేసే మాలాంటి వాళ్లకి మాత్రం అది ఎంతో విలువైన శాంపిల్. పేషెంటుకి అదనంగా సూది గుచ్చే పని లేకుండానే దొరుకుతుంది.

ఈ కేసు అలా వచ్చిన ఒక శాంపిల్ గురించి. దాత అరవై దాటిన మహిళ. నల్గొండ వైపు నుంచి హైదరాబాద్‌కి ఆపరేషన్ కోసం వచ్చారు. తుంటి కీలు పూర్తిగా అరిగిపోయింది. స్టెరాయిడ్లు వాడిన చరిత్ర లేదు. ఆవిడ మజ్జ నుంచి పెంచిన కణాలు ఒక పక్క ఎముకగా, ఇంకో పక్క కీళ్ల మీద ఉండే మృదులాస్థిగా ఎంతవరకు మారతాయో, ఎన్నిసార్లు పెంచాక ఆ శక్తి తగ్గిపోతుందో చూడడం మా పని. మారతాయి అన్నంతవరకు ఏ పాఠ్యపుస్తకమైనా చెబుతుంది. ఎంత పెంచాక, ఏ రూపంలో, ఎంతకాలం నిలబడేలా అన్నది మాత్రం దాతని బట్టి, చేతిని బట్టి మారుతుంది. మన దగ్గర కణాల థెరపీ గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా "ఎన్ని కోట్ల కణాలు" అనే లెక్క దగ్గరే ఆగిపోతారు. ఆ లెక్క ఎంత తక్కువ చెబుతుందో ఈ కేసు బాగా చూపించింది. అందుకే వివరంగా రాస్తున్నాను.

ఆపరేషన్‌కి ముందు సమ్మతి తీసుకోవడానికి వెళ్లినప్పుడు ఆవిడ "నా మూలుగతోటి మీకేం పని బిడ్డా?" అని అడిగారు. పారేసేదే కదా అని కొడుకు సంతకం పెట్టబోతే, సంతకం అమ్మదే కావాలని చెప్పి ఫారం మొత్తం తెలుగులో చదివి వినిపించాం. అంతా విన్నాక ఆవిడ తనకి కావలసిన ప్రశ్న వేశారు. "నా మోకాళ్లల్ల గుజ్జు గూడ అరిగిందన్నరు. దీంతోటి అండ్ల పెట్టనీకి అయితదా?"

"లేదమ్మా, ఇది పరిశోధనకి మాత్రమే. దీనివల్ల మీకు ఇప్పుడు ఏ లాభమూ ఉండదు" అని చెప్పాను. ఈ మాట ఫారంలో ఎలాగూ ఉంటుంది. అయినా నోటితో, దాత కళ్లలోకి చూసి చెప్పి తీరాలి. స్టెమ్ సెల్ అనగానే ఇంట్లోవాళ్లకి పుట్టే ఆశ చాలా పెద్దది. దాన్ని అలా వదిలేసి శాంపిల్ తీసుకోవడం నాకు న్యాయంగా అనిపించదు. ఆవిడ కాసేపు ఆలోచించి, "రేపు ఎవళ్లకన్న పనికొస్తది గద" అంటూ వేలిముద్ర వేశారు. ఎథిక్స్ కమిటీ, స్టెమ్ సెల్ పరిశోధన కమిటీ అనుమతులు అప్పటికే ఉన్నాయి.

థియేటర్ నుంచి ఫ్లాస్క్ దాకా

మజ్జని హెపారిన్ వేసిన సిరంజిలోకి తీసుకున్నారు. హెపారిన్ సరిపోకపోతే దారిలోనే గడ్డకడుతుంది. గడ్డలో చిక్కుకున్న కణాలు ఇక మనకి దక్కవు. నడుం కింది ఎముక అంచు నుంచి సూదితో తీసే మజ్జ విషయంలో ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఒక్కో చోట 2 మి.లీ. దాటి లాగుతున్న కొద్దీ మజ్జలో మామూలు రక్తం కలిసి పలచబడుతుంది. ఒకే చోట 20 మి.లీ. లాగితే సిరంజి నిండుగా కనిపిస్తుంది కానీ కాలనీలు ఆ స్థాయిలో రావు. ఈ శాంపిల్ ఎముక లోపలి నుంచే వచ్చింది కాబట్టి ఆ బెడద తక్కువ. కొవ్వు మాత్రం విపరీతంగా ఉంది. వయసు పెరిగేకొద్దీ మజ్జలో కొవ్వు పెరుగుతుంది. ట్యూబులో పోసి కాసేపు నిలబెడితే పైన పసుప్పచ్చగా నూనెలా తేలింది. ముందు దాన్ని తీసేసి, ఎముక పొడి రాకుండా జల్లెడ పట్టి, బఫర్‌తో కడిగాం.

తర్వాత 1.077 సాంద్రత ఉన్న ఫైకాల్ ద్రవం మీద మెల్లగా పోసి 400 జీ (భూమి ఆకర్షణకి 400 రెట్ల బలం) దగ్గర 30 నిమిషాలు తిప్పాం. సెంట్రిఫ్యూజ్ ఆగేటప్పుడు బ్రేక్ వెయ్యకూడదు. వేస్తే పొరలు కలిసిపోతాయి. ఎర్రకణాలు అడుక్కి దిగి, మనకి కావలసినవి మధ్యలో తెల్లటి పలచని పొరగా నిలుస్తాయి. ఆ పొరలో కూడా ఎముకగా, మృదులాస్థిగా మారగలిగే కణాలు లక్షకి ఒకటి నుంచి పది వరకే ఉంటాయి. వాటిని ఏరే పని ప్లాస్టిక్ చేసిపెడుతుంది. ఫ్లాస్క్ అడుగుకి అవి అంటుకుంటాయి, రక్తకణాలు చాలావరకు అంటుకోవు. మూడో రోజున మీడియం, అంటే కణాలు పెరిగే పోషక ద్రవం, మార్చినప్పుడు అంటుకోనివి కొట్టుకుపోతాయి. ఈ లక్షణాన్ని పట్టుకుని, మజ్జలో ఒక్క కణం నుంచి ఒక కాలనీ పుడుతుందని చూపించినవాడు సోవియట్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఫ్రీడెన్‌స్టైన్. గినీపిగ్ మజ్జ మీద ఆయన చేసిన ఆ పని 1970లో అచ్చయింది. ఇవాళ్టికీ మా మొదటి అడుగు అదే.

మీడియం ఆల్ఫా-ఎంఈఎం, అందులో 10 శాతం దూడ సీరం, కొద్దిగా ఎఫ్‌జీఎఫ్-2 అనే పెరుగుదల ప్రోటీన్. సీరం విషయంలో ఒక మాట చెప్పాలి. ఒకే కంపెనీ సీరం అయినా లాట్ మారితే కణాల ప్రవర్తన మారిపోతుంది. కొత్త లాట్ కొనేముందు చిన్న బాటిళ్లు తెప్పించుకుని కాలనీలు ఎలా వస్తున్నాయో చూసి, నచ్చిన లాట్‌నే మొత్తం ప్రాజెక్టుకి సరిపడా తీసి పెట్టుకుంటాం. డబ్బు ఒకేసారి కట్టాలి కాబట్టి అకౌంట్స్ వాళ్లు ప్రతిసారీ అడ్డం చెబుతారు. అయినా ఇందులో రాజీ పడకూడదు. ఇదే కణాలు మనిషికి ఇవ్వాల్సిన పని అయితే దూడ సీరం బదులు మనుషుల ప్లేట్‌లెట్ల నుంచి తీసిన లైసేట్ వాడడం మేలు.

వారం తిరిగేసరికి మైక్రోస్కోపు కింద చిన్న చిన్న గుంపులు కనబడ్డాయి. మధ్యలో ఒత్తుగా, అంచుల్లో వదులుగా, కదురులా సన్నగా సాగిన కణాలు. రెండు వారాలు కావస్తుండగా కాలనీలు ఒకదాన్ని ఒకటి తాకబోతున్నాయి. అప్పుడు ట్రిప్సిన్ ఎంజైమ్‌తో అడుగు నుంచి లేపి, చదరపు సెంటీమీటరుకి 3,000 చొప్పున కొత్త ఫ్లాస్కుల్లో వేశాం. పలచగా వేస్తేనే ఇవి చురుగ్గా పెరుగుతాయి. ఫ్లాస్క్ 70-80 శాతం నిండగానే మళ్లీ లేపాలి, పూర్తిగా నిండేదాకా ఉంచకూడదు. ఇలా ఒక ఫ్లాస్క్ నుంచి ఇంకో ఫ్లాస్క్‌కి మార్చడాన్నే పాసేజ్ అంటాం.

మొదటి పాసేజ్‌లోనే సగం కణాలు తీసి గడ్డకట్టేటప్పుడు కణాలు పగలకుండా కాపాడే డీఎంఎస్‌వో 10 శాతం కలిపిన ద్రవంలో, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లబరిచి, ద్రవ నైట్రోజన్ ట్యాంకులో దాచాం. కణాలు తక్కువగా ఉన్నప్పుడు సగం తీసి దాచడానికి మనసొప్పదు. కానీ అలా దాచిన వయల్స్ (చిన్న సీసాలు) లేకపోతే ఈ కేసులో తర్వాత చూసినదేదీ చూడగలిగేవాళ్లం కాదు.

ఇవి నిజంగా ఆ కణాలేనా

అంతర్జాతీయ సెల్ థెరపీ సంఘం 2006లో కొన్ని కనీస షరతులు పెట్టింది. ప్లాస్టిక్‌కి అంటుకోవాలి. 95 శాతానికి తగ్గకుండా కణాల మీద సీడీ73, సీడీ90, సీడీ105 అనే గుర్తు ప్రోటీన్లు (మార్కర్లు) ఉండాలి. సీడీ45, సీడీ34 లాంటి రక్తకణాల గుర్తులు 2 శాతానికి మించకూడదు. ల్యాబ్‌లో ఎముక, కొవ్వు, మృదులాస్థి మూడుగానూ మారగలగాలి. ఈ దాత కణాలు, కణాలని ఒక్కొక్కటిగా లేజర్ ముందు నడిపి గుర్తులు చూసే ఫ్లో సైటోమెట్రీలో ఈ గీత హాయిగా దాటాయి.

చాలా రిపోర్టులు ఇక్కడితో అయిపోతాయి. "సీడీ మార్కర్లు పాజిటివ్" అని సర్టిఫికెట్ ఇచ్చేస్తారు. రెండో పాసేజ్‌లోనూ ఐదో పాసేజ్‌లోనూ ఈ దాత కణాల మార్కర్ల పట్టీ దాదాపు ఒకేలా ఉంది. అదే కణాలు మృదులాస్థి చెయ్యడంలో ఎంత తేడా చూపించాయో కింద చెబుతాను. మార్కర్లు కణం ఏ కుటుంబానిదో చెబుతాయి తప్ప ఏం చెయ్యగలదో చెప్పవు.

మైకోప్లాస్మా పరీక్ష ఇంకోటి. ఈ సూక్ష్మజీవికి గట్టి గోడ ఉండదు, 0.2 మైక్రాన్ల ఫిల్టర్‌లోంచి కూడా జారిపోగలదు, మీడియం మసకబారదు, మామూలు మైక్రోస్కోపులో కనబడదు. కానీ కణాల పెరుగుదలనీ మారే తీరునీ మెల్లగా పాడుచేస్తుంది. అందుకే ఫ్రీజ్ చేసే ముందు, ప్రయోగంలోకి తీసుకునే ముందు పీసీఆర్ చేసి చూస్తాం. ఈ శాంపిల్‌లో రెండుసార్లూ నెగెటివ్ వచ్చింది.

ఎముక వైపు

ఇక్కడ పని సాఫీగా సాగింది. కణాలు ఒత్తుగా పరుచుకున్నాక మీడియంలో మూడు కలపాలి: డెక్సామెథాసోన్ (ఒక స్టెరాయిడ్) 100 నానోమోలార్, ఆస్కార్బిక్ యాసిడ్ (విటమిన్ సి) మి.లీ.కి 50 మైక్రోగ్రాములు, బీటా-గ్లిసరోఫాస్ఫేట్ 10 మిల్లీమోలార్. విటమిన్ సి లేకపోతే కొల్లాజెన్ సరిగ్గా అల్లుకోదు. ఫాస్ఫేట్ లేకపోతే ఖనిజం పేరుకోదు. మొదట ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎంజైమ్ పెరిగింది. మూడు వారాలకి కాల్షియంకి పట్టే అలిజారిన్ రెడ్ రంగు వేస్తే ప్లేటు అడుగంతా ఎర్రగా పట్టింది. రంగు వెయ్యకముందే వెలుతురుకి పట్టి చూస్తే గింజలు గింజలుగా ముద్దలు కనిపించాయి. ప్లేటులోని గుంతల్ని బావులు అంటాం; కొన్ని బావుల్లో కణాల పొర అంచు నుంచి లేచి చాపలా చుట్టుకుపోయింది. తాము అల్లుకున్న కొల్లాజెన్ బిగువుకే అలా జరుగుతుంది. మీడియం మార్చేటప్పుడు పిపెట్ అంచు తగిలితే ఆ బావి పని అయిపోయినట్టే, అందుకని పక్క గోడ మీదుగా మెల్లగా దించాలి.

కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు ఎర్రరంగు చూసి సంబరపడకూడదు. బీటా-గ్లిసరోఫాస్ఫేట్ ఎక్కువైతే, కణాలు చచ్చిపోతున్నా కాల్షియం ఫాస్ఫేట్ తనంతట తనే అవక్షేపంగా పడుతుంది. అది కూడా ఎర్రగానే కనబడుతుంది. అందుకే ఎముక కణాల్లో పనిచేసే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, రన్‌ఎక్స్2, ఆస్టియోకాల్సిన్ జన్యువుల చురుకుదనం కూడా చూశాం. పక్కన డెక్సామెథాసోన్ వెయ్యని బావులు పెట్టుకున్నాం. తేడా స్పష్టంగా ఉంది. ఐదో పాసేజ్ కణాల్లో కూడా ఖనిజం బాగానే పట్టింది, కాస్త ఆలస్యంగా.

ప్లేటు అడుగున పలచని పొర వేరు, చేతిలో పట్టుకునే ఎముక ముక్క వేరు. కణాలని హైడ్రాక్సీఅపటైట్, ట్రైకాల్షియం ఫాస్ఫేట్ అనే ఎముక లాంటి ఖనిజాలు కలిసిన సన్నటి రంధ్రాల స్కాఫోల్డ్ (కణాలకి ఆధారంగా ఉండే చట్రం) మీద పోశాం. మామూలుగా పైన చుక్కలుగా పోసి వదిలేస్తే పై అంచున కణాలు దట్టంగా పేరుకుంటాయి. లోపల మాత్రం ఖాళీగా మిగులుతుంది, లేదా లోపలికి వెళ్లినవి ఊపిరాడక చచ్చిపోతాయి. శరీరంలో చాలావరకు కణాలు రక్తనాళానికి 100-200 మైక్రాన్ల లోపే ఉంటాయి. మన స్కాఫోల్డ్‌లో రక్తనాళాలు ఎక్కడివి? మీడియాన్ని రంధ్రాల్లోంచి నెమ్మదిగా ప్రవహింపజేసే పంపు పెట్టాక లోపలి భాగంలో కూడా బతికి ఉన్న కణాలు కనిపించాయి. ముక్క మరీ మందమైతే ఇది కూడా చాలదు.

అయినా ఎముక వైపు ఆశ పెట్టుకోవడానికి గట్టి ఆధారాలున్నాయి. 2001లో ఇటలీకి చెందిన ఒక బృందం, 4 నుంచి 7 సెంటీమీటర్ల మేర ఎముక పోయిన ముగ్గురు పేషెంట్లకి వాళ్ల సొంత మజ్జ కణాలని పెంచి, హైడ్రాక్సీఅపటైట్ స్కాఫోల్డ్ మీద వేసి అమర్చిన వివరాలు ప్రచురించింది. ముంజేయి, భుజం, కాలి పిక్క ఎముకలవి. ఆ ఎముకలు కలిశాయి, వాళ్లని ఆరేడేళ్ల తర్వాత కూడా పరీక్షించి 2007లో మళ్లీ రాశారు. పేషెంట్ల సంఖ్య చిన్నదే. కానీ ఈ దారి నిజమైనదని నాకు నమ్మకం కలిగించిన పని అది.

మృదులాస్థి వైపు

ఈ కేసులో ఎక్కువ సమయం తీసుకున్నదీ, ఎక్కువ నేర్పినదీ ఇదే.

కీలు మీది మృదులాస్థిలో రక్తనాళాలు లేవు, నరాలు లేవు. బరువులో మూడొంతుల దాకా నీళ్లే. ఆ నీటిని పట్టి ఉంచేది అగ్రికాన్ అనే పెద్ద అణువు, దాన్ని కట్టి ఉంచేది రెండో రకం కొల్లాజెన్. వీటన్నింటినీ చేసే కణాలు మొత్తం పరిమాణంలో కొద్ది శాతం మాత్రమే. దెబ్బ తింటే బాగుచెయ్యడానికి రక్తం రాదు, కొత్త కణాలు రావు. అరిగిన మృదులాస్థి తిరిగి మానదని లండన్ వైద్యుడు విలియం హంటర్ 1743లోనే రాశాడు.

ల్యాబ్‌లో దీన్ని చెయ్యాలంటే ముందుగా కణాలని ప్లాస్టిక్ నుంచి విడదీసి ముద్దగా కట్టాలి. పరుచుకుని ఉన్నంతకాలం అవి మృదులాస్థి వైపు సరిగ్గా వెళ్లవు. 1998లో కుందేలు మజ్జ కణాలతో, ఆ వెంటనే మనిషి కణాలతో స్థిరపడిన పెల్లెట్ పద్ధతినే మేమూ వాడతాం. 2.5 లక్షల కణాలని కోసుగా ఉండే 15 మి.లీ. పాలీప్రొపిలీన్ ట్యూబులో వేసి, 500 జీ దగ్గర 5 నిమిషాలు తిప్పి, మూత వదులుగా పెట్టి ఇంక్యుబేటర్‌లో ఉంచాలి. మీడియంలో సీరం ఉండకూడదు. దాని బదులు ఇన్సులిన్-ట్రాన్స్‌ఫెరిన్-సెలీనియం మిశ్రమం, డెక్సామెథాసోన్, ఆస్కార్బిక్ యాసిడ్, ప్రోలిన్, పైరువేట్, వీటన్నిటికంటే ముఖ్యంగా మి.లీ.కి 10 నానోగ్రాముల టీజీఎఫ్-బీటా3, కణాలని మృదులాస్థి వైపు నడిపే ప్రోటీన్. ఖరీదంతా ఈ చివరి దానిదే. అది మీడియంలో ఎక్కువకాలం నిలవదు కాబట్టి మార్చిన ప్రతిసారీ అప్పటికప్పుడు కలపాలి.

రెండో పాసేజ్ కణాలతో కట్టిన పెల్లెట్లు మర్నాటికే పొరలా ఉన్నవి కాస్తా అంచులు ముడుచుకుని గుండ్రంగా అయ్యాయి. ట్యూబుని వేలితో చిన్నగా తడితే అడుగు నుంచి ఊడి తేలాలి. తేలకపోతే ట్యూబు గోడకి అంటుకుందన్నమాట. అంటుకున్నవి ఎప్పుడూ మంచి మృదులాస్థి ఇవ్వవు. మూడు వారాలకి ఆవగింజంత తెల్లటి మెరిసే ఉండలు వచ్చాయి. పట్టకారుతో నొక్కితే అణిగి మళ్లీ లేచాయి. సన్నగా కోసి మృదులాస్థికి పట్టే సఫ్రానిన్-ఓ రంగు వేస్తే ఎర్రనారింజ రంగు నిండుగా పట్టింది. రెండో రకం కొల్లాజెన్ కూడా ఉంది. ఉండలో చక్కగా గుంతల్లో కూర్చున్న కణాలని చూసినప్పుడు ఎన్నేళ్లు ఈ పనిలో ఉన్నా సంతోషం ఆగదు.

ఐదో పాసేజ్ కణాలతో, అదే మీడియంతో కట్టిన పెల్లెట్లు చిన్నవిగా, వదులుగా మిగిలాయి. కొన్ని ముడుచుకోనే లేదు. కోసి రంగు వేస్తే అంచున మాత్రం కాస్త నారింజ, లోపలంతా ఖాళీ. ఫ్లాస్కులో చూసినప్పుడే ఈ కణాలు వెడల్పుగా, చదునుగా తయారయ్యాయి, రెట్టింపు కావడానికి పట్టే సమయం పెరిగింది, పీహెచ్ 6 దగ్గర వేసే బీటా-గాలక్టోసిడేజ్ రంగు ఎక్కువ కణాలకి నీలంగా పట్టింది. అంటే ముసలివయ్యాయి. ఎముక చెయ్యగలిగిన ఇవే కణాలు మృదులాస్థి చెయ్యలేకపోయాయి.

ఇందులో వింత లేదు. ఒక్కొక్క కణం నుంచి వచ్చిన కాలనీలని విడిగా పెంచి చూసిన ఇటలీ పరిశోధకులు 2000లోనే ఈ వరస చెప్పారు: పెంచుతున్న కొద్దీ ముందు కొవ్వుగా మారే శక్తి, తర్వాత మృదులాస్థిగా మారే శక్తి పోతాయి, ఎముకగా మారేది చివరిదాకా మిగులుతుంది. పైగా మన దాతకి కీళ్ల అరుగుదల ముదిరి ఉంది. అలాంటివాళ్ల మజ్జ కణాల్లో మృదులాస్థి చేసే శక్తి తగ్గి ఉంటుందని 2002లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. అంటే ఎవరికి మృదులాస్థి అవసరం ఎక్కువో, వాళ్ల కణాలకే ఆ పని చేసే ఓపిక తక్కువ. ఈ రంగంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టే విషయం ఇదే.

తర్వాత ట్యాంకులో దాచిన మొదటి పాసేజ్ వయల్స్ తీసి మళ్లీ పెంచాం. ఈసారి రెండో పాసేజ్ దాటనివ్వలేదు. పెంచేటప్పుడు ఎఫ్‌జీఎఫ్-2 ఒక్క రోజు కూడా తప్పనివ్వలేదు, అది ఈ కణాల మృదులాస్థి శక్తిని ఎక్కువకాలం నిలుపుతుందని బాగా స్థిరపడిన సంగతి. పెల్లెట్లలో సగం మామూలు ఇంక్యుబేటర్‌లోనూ, సగం నైట్రోజన్ పంపి ఆక్సిజన్‌ని 5 శాతానికి దించిన ఇంక్యుబేటర్‌లోనూ పెట్టాం. నిజమైన మోకాలి మృదులాస్థి లోపల ఆక్సిజన్ అంతకంటే కూడా తక్కువే ఉంటుంది. గదిగాలిలో పెంచడం మన సౌకర్యం కోసమే తప్ప దాని సహజ స్థితి కాదు. తక్కువ ఆక్సిజన్‌లో పెరిగిన ఉండలు రంగులోనూ గట్టిదనంలోనూ మెరుగ్గా వచ్చాయి.

అసలు చిక్కు

అందంగా వచ్చిన ఆ ఉండల్లోనే పదో రకం కొల్లాజెన్ కోసం కూడా చూశాం. ఉంది. తక్కువ ఆక్సిజన్‌లో పెరిగినవాటిలో తక్కువ, కానీ ఉంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కూడా పెరుగుతోంది.

పదో రకం కొల్లాజెన్ పిల్లల ఎముకలు పొడుగయ్యే చోట, మృదులాస్థి ఉబ్బి ఎముకగా మారబోయే ముందు కనిపించే గుర్తు. ఆరోగ్యంగా ఉన్న కీలు ఉపరితలం మీద ఉండకూడనిది. అంటే మన కణాలు చేస్తున్నది మోకాలి మీద జీవితాంతం నిలిచే మృదులాస్థి కాదు, మధ్యలో ఆగి ఎముకవైపు వెళ్లిపోయే తాత్కాలిక మృదులాస్థి. మజ్జ కణాలకి పుట్టుకతో తెలిసిన దారి అది, విరిగిన ఎముక అతుక్కునేటప్పుడు అవి చేసేదీ ఇదే. 2006లో జర్మనీ పరిశోధకులు ఇలాంటి పెల్లెట్లని ఎలుకల చర్మం కింద పెట్టి చూస్తే కాల్షియం పట్టి, రక్తనాళాలు చొరబడ్డాయి. కీలు మృదులాస్థి కణాలతో చేసిన పెల్లెట్లు మాత్రం మృదులాస్థిగానే ఉండిపోయాయి.

కాబట్టి మూడో వారంలో సఫ్రానిన్-ఓ ఫొటో ఒక్కటి పెట్టి "మృదులాస్థి తయారైంది" అని రాసే రిపోర్టుని నేను సగం రిపోర్టుగానే చూస్తాను. పదో రకం కొల్లాజెన్, మృదులాస్థిని కరిగించే ఎంఎంపీ13 ఎంజైమ్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ చూడకుండా, టీజీఎఫ్ ఆపేశాక కొన్ని వారాలు అలాగే ఉంచి ఏమవుతుందో చూడకుండా ఆ మాట అనకూడదు. మేం అలా ఉంచి చూసిన ఉండల్లో కొన్నింటికి అంచుల నుంచి ఖనిజం మొదలైంది.

ఎముకవైపు వెళ్లిపోయే ఈ గుణాన్నే బలంగా వాడుకోవచ్చని స్విట్జర్లాండ్‌లోని బాసెల్ పరిశోధకులు చూపించారు. మజ్జ కణాలతో ముందు ఉబ్బిన మృదులాస్థి చేసి, దాన్ని శరీరంలోకి పంపితే అక్కడ అది మజ్జతో సహా ఎముకగా మారింది. రక్తనాళాలు లేనిచోట కూడా మృదులాస్థి బతకగలదు కాబట్టి, పెద్ద ఎముక ముక్కల విషయంలో నేరుగా ఎముక చెయ్యడం కంటే ఇదే మెరుగైన దారి కావచ్చని నా అభిప్రాయం. కీలు ఉపరితలానికి మాత్రం మజ్జ కణాలని ఒంటరిగా నమ్ముకోవడం కష్టం. అక్కడ దశాబ్దాల అనుభవం ఉన్నది మృదులాస్థి కణాలకే. 1994లో స్వీడన్ వైద్యులు 23 మంది మోకాళ్లలో పేషెంట్ల సొంత మృదులాస్థి కణాలని పెంచి అమర్చినట్టు ప్రకటించినప్పటి నుంచి ఆ పద్ధతి వాడుకలో ఉంది. బాసెల్ వాళ్లే 2016లో ముక్కు మధ్య గోడ నుంచి తీసిన కణాలతో మృదులాస్థి ముక్క అల్లి 10 మంది మోకాళ్లలో అమర్చిన ఫలితాలు ఇచ్చారు. ముక్కు కణాలకి ఎముకగా మారే తొందర లేదు.

సర్జన్ అడిగినవి

ఫలితాలు చూపించినప్పుడు ఆపరేషన్ చేసిన డాక్టర్ గారు నేరుగా అడిగారు, "మేడమ్, రెండో పాసేజ్ కణాలు బాగున్నాయంటున్నారు. అవే మోకాలికి ఇంజెక్షన్‌గా ఇస్తే?"

"సార్, సూదితో కీలులోకి వదిలిన కణాలకి పెల్లెట్ ఉండదు, టీజీఎఫ్ ఉండదు, కూర్చునే చోటు ఉండదు. నొప్పి, వాపు తగ్గించే పదార్థాలు అవి విడుదల చేస్తాయి, అది వేరే లాభం. అరిగిన చోట కొత్త గుజ్జు పుడుతుందని మాత్రం ఈ ఫలితాలు చూపించి చెప్పలేం" అన్నాను. ఆయన ఒప్పుకున్నారు.

ఈ తేడా మన దగ్గర పేషెంట్లకి ఎవరూ విడమరిచి చెప్పరు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) కలిసి 2017లో ఇచ్చిన జాతీయ మార్గదర్శకాల ప్రకారం, రక్త సంబంధ మూలకణ మార్పిడి తప్ప మిగతా స్టెమ్ సెల్ చికిత్సలన్నీ అనుమతి పొందిన ప్రయోగాల్లోనే జరగాలి. 2019 కొత్త మందుల నిబంధనల్లో స్టెమ్ సెల్ ఉత్పత్తి ఎప్పటికీ కొత్త మందు కిందే లెక్క, అంటే ట్రయల్, అనుమతి రెండూ ఉండాలి. బెంగళూరు కంపెనీ స్టెంప్యూటిక్స్ తయారుచేసిన స్టెమ్‌వన్‌కి 2022లో మోకాలి అరుగుదలకి అనుమతి దొరికింది. అది వేరే దాతల మజ్జ కణాలతో చేసిన ఇంజెక్షన్, ల్యాబ్‌లో అల్లిన మృదులాస్థి ముక్క కాదు. అనుమతులు ఏవీ లేకుండా "మీ కొవ్వులోంచే తీసి మీ మోకాలికే" అని లక్షలు తీసుకునే చోట్లకి వెళ్లేముందు పేషెంటు మూడు ప్రశ్నలు అడగాలి: ఏ అనుమతి కింద ఇస్తున్నారు? కణాలని పెంచారా, పెంచితే ఎన్ని పాసేజ్‌లు? మైకోప్లాస్మా, ఎండోటాక్సిన్ (బాక్టీరియా విషం), స్టెరిలిటీ (సూక్ష్మజీవులు లేవని తేల్చే) పరీక్షల రిపోర్టు చూపిస్తారా? జవాబులు కాగితం మీద రాకపోతే లేచి వచ్చెయ్యడమే మంచిది.

ప్రస్తుతం

ఈ దాత ఫైలులో ఇలా రాసి పెట్టాం: ఎముక పనికి ఐదో పాసేజ్ దాకా వాడవచ్చు, అయితే మూడు దాటకుండా ఉంటే మేలు. మృదులాస్థి పనికి రెండో పాసేజ్ దాటించకూడదు, 5 శాతం ఆక్సిజన్ తప్పనిసరి, కీలు ఉపరితలం కోసం ఒంటరిగా వాడకూడదు.

మొదటి పాసేజ్ వయల్స్ ఇంకా కొన్ని ట్యాంకులో ఉన్నాయి. మోకాలి మార్పిడి ఆపరేషన్లలో తీసేసే ఎముక చివరల మీద, అరగని వైపు కాస్త మంచి మృదులాస్థి మిగిలి ఉంటుంది. దాని కణాలని మజ్జ కణాలతో కలిపి పెల్లెట్ కడితే పదో రకం కొల్లాజెన్ తగ్గుతుందని ఇతర ల్యాబ్‌ల పని చూపిస్తోంది. మృదులాస్థి కణాలు విడుదల చేసే, ఎముకవైపు మారకుండా ఆపే పీటీహెచ్ఆర్‌పీ లాంటి పదార్థాలకి ఇందులో పాత్ర ఉంది. ఈ దాత కణాలతో తర్వాత చెయ్యబోయేది అదే. కొలతలు కూడా ముందే రాసి పెట్టుకున్నాం: మూడు వారాల రంగు ఫొటోతో ఆపకుండా, టీజీఎఫ్ తీసేశాక మరో నాలుగు వారాలు ఉంచి, ఖనిజం పట్టిన ఉండలెన్నో, పట్టనివెన్నో విడివిడిగా లెక్కపెట్టాలి.